లువార్ ఒడ్డున సైకిల్ యాత్రకు అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 1.15 లక్షలు వస్తుంది. మా ఆవిడ ప్రభుత్వ స్కూల్లో టీచర్, ఆమెకు 82 వేలు. కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఉంది. దాని మీద హోమ్ లోన్ ఇంకా 25.6 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 34 వేలు. ఎఫ్‌డీ 4 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు ఉన్నాయి. సిప్‌లు పోను నెలకు 30 వేలు మిగులుతోంది. అబ్బాయి బీటెక్ మూడో ఏడు, ఎంఎస్‌కు వెళ్తానంటున్నాడు. నేను ఆదివారాలు సైకిల్ తొక్కుతాను. వచ్చే మే నెలలో ఇద్దరం ఫ్రాన్స్ వెళ్లి లువార్ నది వెంట కోటలు చూసుకుంటూ తిరగాలని ఆశ. ఒక టూర్ కంపెనీ విమానం, వీసా కాకుండా మనిషికి 3.35 లక్షలు చెప్పింది. బ్యాంకేమో 12 శాతానికి 5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఆ డబ్బేదో హోమ్ లోన్‌కు కట్టమని మా బావమరిది గొడవ. నా 85 వేల సైకిల్‌ను వెంట తీసుకెళ్లొచ్చా? ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. పర్సనల్ లోన్ వద్దు, ఆ ప్యాకేజీ కూడా వద్దు. సైకిల్‌ను ఇంట్లోనే ఉంచండి.

ముందు మీ బావమరిది గారి సంగతి చూద్దాం. లెక్కలో ఆయన మాట తప్పు కాదు. 5 లక్షలు ఇవాళ హోమ్ లోన్‌కు కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే, రెండేళ్లకు పైగా ఈఎంఐలు తగ్గుతాయి. వడ్డీ రూపంలో సుమారు 4.7 లక్షలు మిగులుతుంది. కాబట్టి ఈ యాత్ర అసలు ఖరీదు 5 లక్షలు కాదు, దానికి దాదాపు రెట్టింపు. ఇది తెలుసుకునే వెళ్లాలి. అయినా నేను సరే అంటున్నాను. మీ సిప్‌లు ఆగలేదు, ఎఫ్‌డీ చెక్కు చెదరలేదు, జీతాలు రెండు ఉన్నాయి. రోజుకు 35 కిలోమీటర్లు తొక్కే మోకాళ్లు 60 ఏళ్ల తర్వాత ఎలా ఉంటాయో ఏ బ్యాంకూ గ్యారంటీ ఇవ్వదు. అయితే ఒక మాట. టర్మ్ పాలసీ, కంపెనీ ఇచ్చేది కాక సొంత హెల్త్ పాలసీ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. అవి లేకపోతే ముందు అవే. యాత్ర ఏడాది ఆగినా నది ఎక్కడికీ పోదు.

ఇక పర్సనల్ లోన్. 5 లక్షలకు 12 శాతం చొప్పున మూడేళ్లంటే ఈఎంఐ సుమారు 16,600. మొత్తం వడ్డీ 98 వేలు. అంటే అక్కడ మీరు ఉండబోయే గదుల అద్దెకు దాదాపు సమానం. తిరిగొచ్చాక అబ్బాయి ఎంఎస్ లోన్‌కు మీరు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టాలి. అప్పటికి మీ మీద రెండు ఈఎంఐలు నడుస్తూ ఉంటే బ్యాంకు దాన్నే ముందు చూస్తుంది. సరదా కోసం తీసుకున్న అప్పు చదువు అప్పుకు అడ్డం పడటం చాలా ఇళ్లలో చూస్తున్నాను.

ప్యాకేజీ వద్దని ఎందుకంటున్నానంటే, ఈ దారి స్వభావమే వేరు. ఇది ఆల్ప్స్ ఎక్కే యాత్ర కాదు. లువార్ నది వెంట సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. చాలా భాగం చదును, అడుగడుగునా బోర్డులు. వెనక వ్యాను, ముందు గైడు ఉంటే తప్ప సాగదు అనుకోవడానికి ఏమీ లేదు. సైకిల్ యాత్రికులకు వసతులున్న హోటళ్లకు ‘అకెయ్ వేలో’ అనే గుర్తు ఇస్తారు. ఆ గుర్తుంటే సైకిళ్లు పెట్టుకోవడానికి తాళం ఉన్న చోటు, రిపేరు సామాను ఉంటాయి. బ్యాగులను ఒక ఊరి హోటల్ నుంచి మరో ఊరి హోటల్‌కు చేర్చే సర్వీసులూ ఉన్నాయి. కావలసిన రోజుకే డబ్బు కట్టొచ్చు. టూర్ కంపెనీ వీటన్నిటినీ ఒక మూటగా కట్టి, మీ టెన్షన్‌కు విడిగా రేటు వేసింది.

900 కిలోమీటర్లూ తొక్కక్కర్లేదు. ఆంజే నుంచి ఓర్లియాన్ వరకు సుమారు 300 కిలోమీటర్లు చాలు, చూడాల్సింది చాలావరకు అక్కడే ఉంది. ఈ లోయలో పెద్ద భాగాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చాలామంది ఓర్లియాన్‌లో మొదలుపెట్టి నది వాలుగా పడమటికి వెళ్తారు. మీరు ఆంజేలో మొదలుపెట్టండి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. ఎదురుగాలికి తొక్కడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పారిస్ విమానాశ్రయం నుంచి ఆంజేకు నేరుగా టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఉంది. చివరి రోజు ఓర్లియాన్ నుంచి పారిస్‌కు మామూలు రైల్లో గంటంపావు ప్రయాణం. ఆ టికెట్ కూడా చవకే.

ఇప్పుడు ఇద్దరికీ, 12 రాత్రులకు లెక్క. యూరో 110 రూపాయలు అనుకుంటున్నాను. విమానం 1.40 లక్షలు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జీలు, ఫొటోలతో కలిపి ఇద్దరికీ 25 వేలు. ఇన్సూరెన్స్ 6 వేలు. గది రోజుకు 85 యూరోల చొప్పున 1.12 లక్షలు. పల్లెటూళ్లలో ఇళ్లవాళ్లే గదులు అద్దెకిస్తారు, పొద్దున టిఫిన్ వాళ్లదే. సైకిళ్లకు, అంటే మీకు మామూలుది, మీ శ్రీమతికి బ్యాటరీ సైకిల్, 60 వేలు. తిండికి 73 వేలు. రైళ్లకు 20 వేలు, కోటల టికెట్లకు 25 వేలు. చేతిలో ఉంచుకోవడానికి 40 వేలు. మొత్తం సుమారు 5 లక్షలు. టూర్ కంపెనీ చెప్పిన రేటుకు విమానం, వీసా కలిపితే 8.35 లక్షలు అవుతోంది. ప్యాకేజీ తప్ప వద్దనుకుంటే ఇంకో ఏడాది ఆగి, ఆ డబ్బు పోగయ్యాకే వెళ్లండి.

మీ శ్రీమతికి బ్యాటరీ సైకిల్ అని రాసింది ఆమెను తక్కువ చేయడానికి కాదు. మీ ఉత్తరంలో సైకిల్ తొక్కేది మీరొక్కరే కనిపించారు. ఆమె ఎంత దూరం తొక్కగలరో ముందే తెలిస్తే మంచిది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, డిసెంబరు, జనవరిల్లో ఇద్దరూ వరసగా రెండు రోజులు అక్కడ తొక్కండి. రెండో రోజు పొద్దున ఆవిడ ఏమంటారో దాన్నిబట్టి రోజుకు ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గదులు బుక్ చేయాలో తేల్చుకోండి. ప్యాడింగ్ ఉన్న షార్ట్స్, వాన కోటు కొనండి. అంతకు మించి దుకాణంవాళ్లు ఏం చూపించినా చేతులు జేబులోనే ఉంచుకోండి.

మీ సొంత సైకిల్ విషయం. దాన్ని విప్పి డబ్బాలో పెట్టాలి, విమానానికి చార్జీ కట్టాలి. ఆంజేలో దిగాక ఖాళీ డబ్బా ఎక్కడ పెడతారు? మీరు తిరుగు విమానం ఎక్కేది అక్కడి నుంచి కాదు. లువార్ దారిలో ఒక ఊళ్లో అద్దెకు తీసుకుని మరో ఊళ్లో అప్పగించే షాపులు ఉన్నాయి. బుక్ చేసేటప్పుడు ఇద్దరి ఎత్తూ రాయండి. సైకిల్ పోతే, విరిగితే మీరు ఎంతవరకు కట్టాలో ముందే అడిగి తెలుసుకోండి.

కోటల టికెట్లలో మాత్రం పొదుపు చేసేదేదో తెలివిగా చేయాలి. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకు షాంబోర్ కోటలో 2026 జనవరి నుంచి టికెట్ రేటు పెంచారు. అయినా అది చూడాల్సిందే. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా 1519లో కట్టడం మొదలుపెట్టించాడు. ఒకరు ఎక్కుతుంటే మరొకరు దిగినా ఎదురుపడని జంట మెట్లు, పైకప్పు మీద పొగగొట్టాల అడవి. పొయ్యిలే 282. ఇంతా చేసి, 32 ఏళ్ల పాలనలో ఆయన అక్కడ పట్టుమని రెండున్నర నెలలు కూడా ఉండలేదు. షాద్‌నగర్ దగ్గర ఫామ్‌హౌస్ కొని, ఏడాదికి రెండు ఆదివారాలు వెళ్లే నా క్లయింట్లు గుర్తొస్తారు.

దాంతోపాటు షేర్ నది మీద వంతెనలా కట్టిన షెనాన్సో కోట, అంబువాజ్‌లో లియొనార్డో డావిన్చి చివరి రోజులు గడిపిన క్లో ల్యూసే భవనం, విలాండ్రీ తోటలు, ఇంగ్లండ్ రాజు, సింహహృదయుడు రిచర్డ్ సమాధి శిల్పం ఉన్న ఫాంతెవ్రో మఠం. డబ్బులిచ్చి లోపలికి వెళ్లడానికి ఈ ఐదూ చాలు. మిగతావి బయటి నుంచి చూసినా బాగుంటాయి. సోమ్యూర్ దగ్గర సుద్దలాంటి తెల్లరాతి కొండలో తొలిచిన ఇళ్ల పక్కనుంచే దారి వెళ్తుంది. కోటలకు రాయి తవ్వగా మిగిలిన గుహల్లో పుట్టగొడుగులు పెంచుతారు. అక్కడ సైకిల్ దిగి నిలబడటానికి టికెట్ లేదు.

తిండికి 73 వేలు సరిపోవాలంటే అక్కడి టైమింగు తెలియాలి. పల్లెల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు కిరాణా షాపులు షట్టర్లు దించేస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదు, చాలాచోట్ల సోమవారం బేకరీ కూడా ఉండదు. అప్పుడు ఆకలి మీద దొరికిన హోటల్లోకి దూరితే ఒక్క పూటకే 60 యూరోలు లేస్తాయి. పొద్దునే బ్రెడ్డు, మేకపాల చీజు, టమాటాలు కొని సైకిల్ సంచిలో వేసుకోండి. మామిడికాయ పచ్చడి, కారప్పొడి తీసుకెళ్లండి. నెయ్యి డబ్బా మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం వెంట తేకూడదు. కస్టమ్స్‌లో పారేస్తారు. ఇంకోటి, సైకిల్ తొక్కుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అక్కడ 135 యూరోల జరిమానా. మీ ఆదివారం అలవాటు అదే అయితే ఇప్పటి నుంచే మానండి.

డబ్బు ఎక్కడి నుంచి? ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా నెలకు 30 వేలు ఆర్‌డీలో వేయండి, 2.70 లక్షలవుతుంది. మిగతా 2.30 లక్షలు ఫండ్లలోంచి తీయాలి. ఒకేసారి కాదు. సగం ఇప్పుడే అమ్మి, ఒడుదుడుకులు తక్కువ ఉండి కావాలన్నప్పుడు తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. జనవరిలో విమానం టికెట్లకు ఆర్‌డీ చాలకపోతే అదే ఆదుకుంటుంది. రెండో సగం ఏప్రిల్ మొదటి వారంలో అమ్మండి. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మొదట కొన్న యూనిట్లే మొదట అమ్ముడవుతాయి. వాటిలో లాభం సగటు కంటే ఎక్కువ ఉంటుంది. అందుకే మార్చికి అటూ ఇటూ విడగొట్టమంటున్నాను. 2.30 లక్షలు దాటి ఒక్క రూపాయి కూడా తీయకండి. ఆ ఫండ్ల మీద పేరు మీదే అయినా, అందులో పెద్ద వాటా అబ్బాయి ఎంఎస్‌ది. ఎఫ్‌డీని అసలు ముట్టుకోవద్దు.

టూర్ కంపెనీ టీసీఎస్ గురించి, అంటే డబ్బు కట్టేటప్పుడే వసూలు చేసే పన్ను గురించి చెప్పే ఉంటుంది. విదేశీ ప్యాకేజీకి మొదటి రూపాయి నుంచే అది పడుతుంది. ఖర్చు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. కానీ అన్ని నెలలు మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. విడిగా ఫారెక్స్ కార్డులో యూరోలు వేసుకుంటే ఏడాదికి 10 లక్షల దాకా ఆ బెడద లేదు. మామూలు క్రెడిట్ కార్డు గీకితే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే మార్కప్ 3.5 శాతం, దాని మీద జీఎస్‌టీ. 2 లక్షల ఖర్చుకు 8 వేల పైన పోతుంది. కార్డు మెషిన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి.

వీసాకు ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. గదులు బుక్ చేసుకున్నవాళ్లకు మనిషికి రోజుకు 65 యూరోల చొప్పున ఖాతాలో కనిపించాలన్నది ఫ్రాన్స్ లెక్క. అప్లై చేసే వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి 3 లక్షలు వేస్తే స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నెలనెలా పెరిగిన డబ్బుకే విలువ. మీ శ్రీమతి ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఆ ఫైలు కదిలే వేగం ఆమెకే బాగా తెలుసు. అది చేతికి వచ్చాకే తిరిగి డబ్బురాని టికెట్లు కొనండి. స్కూలు సెలవులకు మే బాగానే కుదురుతుంది. కానీ మేలో ఫ్రాన్స్‌లో 1, 8 తేదీలు, పండగ వారాంతాలు కలిసి సెలవులే సెలవులు. ఆ రాత్రుల గదులు ముందుగా పట్టుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం చౌక చూడొద్దు. వీసాకు 30 వేల యూరోల కవర్ చాలు, మీరు అంతకు రెట్టింపు తీసుకోండి. పాలసీలో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది. టూరింగ్ సైకిల్, బ్యాటరీ సైకిల్ అందులోకి వస్తాయా అని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్లో ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అన్న మాట క్లెయిమ్‌కు పనికిరాదు. మీ సైకిల్ తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టే లయబిలిటీ కవర్ ఉందో లేదో కూడా చూడండి. బీపీ, షుగర్ ఉంటే దాచకండి.

ఇద్దరూ ఒకేసారి దేశం దాటుతున్నారు కాబట్టి వెళ్లేముందు అబ్బాయిని కూర్చోబెట్టి పాలసీలు, లాకర్ తాళం, హోమ్ లోన్ నంబరు ఎక్కడున్నాయో చూపించండి. మే నెల ఈఎంఐ, కరెంటు బిల్లు ఆటో డెబిట్‌లో పెట్టి, ఆ ఖాతాలో 50 వేలు వదిలి వెళ్లండి.