సారు పోయిండ్రా, వెళ్లారా?

సందేహం: మాది కరీంనగర్ జిల్లా. ఈమధ్యే కాకినాడలో ఉద్యోగంలో చేరాను. ఒకాయన ఆఫీసుకు ఫోన్ చేసి ‘మీ సారు ఉన్నారా?’ అని అడిగితే, ‘లేరండీ, పొద్దున్నే పోయిండ్రు’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత ‘అయ్యో, మొన్ననేగా కలిశాను! ఏమైందండీ?’ అన్నారు. ‘పోవు’ అనడం తప్పా? ‘వెళ్లు’ అంటేనే మర్యాదా?

సమాధానం: తప్పేమీ లేదు. కాకపోతే మీరు ‘లేరు’తో మొదలుపెట్టి ‘పోయిండ్రు’తో ముగించారు. కోస్తాలో ఆ రెండూ చావు కబురు చెప్పే మాటలే. పాపం, ఆయన కంగారుపడ్డారంటే పడరూ మరి!

‘పోవు’ చాలా పాత మాట. తమిళంలో ‘పో’, కన్నడంలో ‘హోగు’ దీని చుట్టాలే. తెలంగాణలో, రాయలసీమలో ఎవరు ఎక్కడికి కదిలినా పోవడమే. కోస్తాలో పెద్దవాళ్ల విషయంలో ‘పోయారు’ అనడానికి జంకుతారు, ‘పొండి’ అంటే గెంటేసినట్టు నొచ్చుకుంటారు. అక్కడివాళ్లు కూడా ‘రాకపోకలు’ అనే అంటారు, ‘రాకవెళ్లికలు’ అనరు కదా! ఇంతకీ ‘వెళ్లు’కు పాత అర్థం బయటికి పోవడం. ‘వెళ్లగొట్టు’, ‘వెళ్లగక్కు’ అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ పలుకుతుంది. అంటే దాని మర్యాద పుట్టుకతో వచ్చింది కాదు, వాడుకలో అబ్బింది.

అసలు చిక్కు చావు దగ్గర ఉంది. ఆ మాట నోటితో అనలేక, కదలికను చెప్పే మాటల్ని ఒక్కొక్కటిగా దానికి అప్పగించేశాం. ‘చను’ అన్నా వెళ్లడమే. కావ్యాల్లో రాజులు వేటకు ‘చనిరి’, క్షేమంగా తిరిగీ వచ్చారు. ఇప్పుడు ఆ ‘చను’ మనకు ‘చనిపోవు’లోనే కనిపిస్తుంది. ‘గతించు’లో ఉన్నదీ గమనమే. ‘వెళ్లు’ వంతు కూడా వచ్చేసింది: ‘నాన్నగారు మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు’ అంటే ఏ ఊరికి అని ఎవరూ అడగరు. కాబట్టి ‘పోవు’ మానేసి ‘వెళ్లు’ పట్టుకున్నా ఈ బెడద పూర్తిగా తప్పదు.

తప్పించేది ‘కి’, ‘కు’ ప్రత్యయాలే. ‘సారు రాజమండ్రికి పోయిండ్రు’ అని ఉంటే ఆయన మారుమాట లేకుండా ఫోన్ పెట్టేసేవారు. రెండు ప్రాంతాల మధ్య తిరిగేవాళ్లు ఇది తెలియకుండానే చేస్తుంటారు: ముందు ఊరి పేరో పని పేరో చెప్పి, ఆ తర్వాత క్రియ వేస్తారు. వినేవాళ్ల వైపు నుంచి ‘ఎప్పుడు?’ అని కాకుండా ‘ఎక్కడికి?’ అని అడిగితే చాలు. మీరు మీ ‘పోవు’ను నిక్షేపంగా వాడుకోండి.

ఒక్కచోట మాత్రం ‘కి’ కూడా కాపాడదు. సారు మేడ మీద ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే ‘పైకి పోయిండ్రు’ అనకండి.