పఠకుల, సత్ప్రసాద సేవకుల సదస్సు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విశాఖపట్నంలోని మా కతోలిక విచారణ (పారిష్), ఇరుగుపొరుగు విచారణలు కలిసి, ఆదివార పూజలలో బైబిలు పఠనాలు చదివేవారికీ, దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా పవిత్రీకరించిన అప్పం) పంచడంలో గురువులకు (ఫాదర్లకు) తోడ్పడేవారికీ ఒక రోజు సదస్సు జరపాలని నిర్ణయించాయి. ఏర్పాట్ల బాధ్యత నాకు అప్పగించారు. ఇదివరకటి సభలలో ప్రారంభోపన్యాసం, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలతో సన్మానం, భోజనం, గ్రూప్ ఫోటోలతోనే పొద్దు గడిచిపోయేది. ఈసారి ఎలా జరిపితే ప్రయోజనం ఉంటుంది?
– పారిష్ కౌన్సిల్ సభ్యుడు, గాజువాక

జవాబు: ముందుగా సన్మానాన్ని కార్యక్రమంలోనుండి తీసివేయండి. దానివల్ల గంటన్నర సమయం మిగులుతుంది; పైగా, సేవ చేసేవారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పడం వల్ల కలిగే అనవసరమైన పోటీ కూడా తప్పుతుంది. మీరు వర్ణించిన సభలు, వంట నేర్పిస్తామని పిలిచి కడుపునిండా భోజనం పెట్టి పంపినట్టున్నాయి. వచ్చినవారికి సంతోషమే, కానీ వచ్చే ఆదివారం పూజలో మాత్రం ఏ మార్పూ కనిపించదు.

కతోలిక శ్రీసభ జరిపిన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనం, పీఠ సేవకులు (బలిపీఠం దగ్గర గురువుకు సాయపడేవారు), పఠకులు, వ్యాఖ్యాతలు, గాయక బృందం వారు చేసేది నిజమైన దైవార్చన సేవ అని 29వ అంశంలో చెప్పింది. ఆ వాక్యాన్ని మన సభలలో తరచుగా ఉదాహరిస్తారు గానీ, అదే అంశంలో ఆ వెంటనే ఉన్న మాటను, అంటే వీరికి దైవార్చన స్ఫూర్తిని అలవరచి, తమ పాత్రను సక్రమంగా నిర్వర్తించేలా శిక్షణ ఇవ్వాలన్న మాటను, చాలామంది వదిలివేస్తారు. మీ సదస్సు ఆ రెండవ మాట కోసం జరగాలి. విశాఖ పీఠానికి (బిషప్ గారి ఏలుబడిలోని ప్రాంతానికి) గృహస్థుల (గురువులు కాని విశ్వాసుల) సేవ కొత్తది కాదు. 1846లో పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు ఇక్కడికి వచ్చినది మొదలు, గురువులు తరచుగా వెళ్లలేని ఊళ్లలో ప్రార్థనలు నడిపిన ఉపదేశులు (మతబోధ చేసే గృహస్థులు) ఎందరో ఉన్నారు. వారు నేర్చుకున్నది ఉపన్యాసాలు విని కాదు, అనుభవం గలవారి పక్కన నిలబడి.

కాబట్టి సదస్సును హాలులో కాకుండా దేవాలయంలోనే పెట్టండి. మైకు వేసి ఉంచి, వచ్చిన ప్రతి పఠకుణ్ణీ వాక్యపీఠం (పఠనాలు చదివే స్టాండు) దగ్గరకు పిలిచి ఒక పఠనం చదివించండి. మిగిలినవారు చివరి బెంచీలలో కూర్చుని వినాలి. పెంతెకోస్తు పండుగనాడు చదివే అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయం ఇందుకు చక్కగా పనికివస్తుంది. పార్తియా, మెసపొటేమియా, కప్పదొకియా, పంఫీలియా అంటూ దేశాల పేర్లు వరుసగా వచ్చేసరికి ఎంతటి ధైర్యవంతుడికైనా నాలుక మడత పడుతుంది. పేర్లను ఇంట్లో నాలుగుసార్లు బిగ్గరగా పలికి వచ్చినవారికీ, వాక్యపీఠం మీదనే మొదటిసారి చూసినవారికీ తేడా చివరి బెంచీలో ఉన్నవారికి వెంటనే తెలిసిపోతుంది. పౌలు గారి లేఖలది మరొక రకమైన ఇబ్బంది. రోమీయులకు వ్రాసిన లేఖ ప్రారంభంలోని ఏడు వచనాలు (ఇవి మూడేళ్ల పఠన చక్రంలోని 'ఏ' సంవత్సరంలో, క్రిస్మస్‌కు ముందరి ఆగమనకాలం నాలుగవ ఆదివారం రెండవ పఠనంగా వస్తాయి) ఒకదానినొకటి పెనవేసుకొని సాగుతాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోకపోతే, చదివేవారు అలసిపోతారు, వినేవారు దారి తప్పుతారు. ఆ గుర్తులు ఇంట్లోని ప్రతిలోనే పెట్టుకోవాలి, దేవాలయపు గ్రంథంలో కాదు.

చిన్న పొరపాట్లు కూడా ఇటువంటి అభ్యాసంలోనే బయటపడతాయి. పఠన గ్రంథంలో ఎర్ర అక్షరాలతో ఉన్న 'మొదటి పఠనము' వంటి సూచనలు చదివేవారి కోసం వ్రాసినవి. వాటిని పైకి చదవనక్కరలేదు. చివరి వాక్యం పూర్తయిన వెంటనే ఊపిరి తీసుకోకుండా ముగింపు మాట పలకడం, అది పలుకుతూనే మెట్లు దిగడం చాలా చోట్ల చూస్తాము. పఠనం తరువాత కొద్దిసేపు మౌనం ఉండాలని పూజ నియమావళి కోరుతున్నది. ఆ మౌనాన్ని పఠకుడే కాపాడాలి. కొన్ని ప్రతులలో పాత నిబంధన పఠనాలలో 'యావే' అన్న దేవుని నామం ఎదురైతే, పూజలో దాని స్థానంలో 'ప్రభువు' అని చదవాలని 2008లో రోమునుండి ఆదేశం వచ్చింది. గాయక బృందంవారు కూడా హాజరైతే వారికి మర్యాదగానే ఒక మాట చెప్పండి: మొదటి పఠనం తరువాత రావలసింది ఆ రోజుకు నియమించిన కీర్తన. దాని స్థానంలో అందరికీ ఇష్టమైన మరొక పాట పాడడాన్ని నియమావళి అనుమతించదు, ఆ పాట ఎంత శ్రావ్యమైనదైనా సరే.

సత్ప్రసాద సేవకులకు వేరే గంట కేటాయించి, పవిత్రీకరించని అప్పాలతో అభ్యాసం చేయించండి. పూజ నడిపించే గురువు తాను దివ్యసత్ప్రసాదం స్వీకరించిన తరువాతే సేవకులు బలిపీఠాన్ని సమీపించాలి. పాత్రను తామే పీఠం మీదనుండి తీసుకోరాదు, గురువు చేతినుండి అందుకోవాలి. నాలుక మీద స్వీకరించేవారికీ చేతిలో స్వీకరించేవారికీ ఎలా ఇవ్వాలో, అప్పం జారి కిందపడితే కంగారు పడకుండా భక్తితో ఎలా తీసుకోవాలో, క్రీస్తు రక్తంగా పవిత్రీకరించిన ద్రాక్షారసం ఒలికితే ఆ చోటును నీటితో కడిగి ఆ నీటిని ఎక్కడ పోయాలో చేసి చూపించాలి. పూజానంతరం పాత్రలను శుద్ధి చేయడం గురువు, డీకన్ (గురువుకు దిగువ పట్టం పొందిన సేవకుడు), లేదా పీఠాధిపతి (బిషప్) నియమించిన పీఠ సేవకుడి పని. ఆ పని మీ సేవకుల చేత అలవాటుగా చేయిస్తున్న విచారణలు ఉంటే, ఆ గంటలోనే సరిదిద్దుకోవచ్చు.

రోజు విషయంలో ఒక సలహా. ఆదివారం ఉదయం పెడితే మీ పఠకులు తమ తమ విచారణల పూజలకు దొరకరు. స్టీల్ ప్లాంటులోనూ, పోర్టులోనూ షిఫ్టుల మీద పనిచేసేవారు ఏ ఒక్క రోజు పెట్టినా అందరూ రాలేరు కనుక, ఒకే కార్యక్రమాన్ని రెండు శనివారాలలో, చిన్న బృందాలతో రెండుసార్లు జరపడం మేలు. ఖర్చు ఎక్కువ కాదు. షామియానా, ఫ్లెక్సీలు ఎలాగూ ఉండవు గదా. దూరపు విచారణలవారు ఉంటే, రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉన్న జ్ఞానాపురం పునీత పేతురు ప్రధాన దేవాలయం వారిని అడిగి చూడండి.

ప్రశ్న: నేను ఏళ్ల తరబడి మా దేవాలయంలో పఠనాలు చదువుతున్నాను. స్త్రీలు కూడా ఇకమీదట పఠకులు కావచ్చని పోపు గారు ప్రకటించారని ఈమధ్య ఎవరో చెప్పారు. మరి ఇన్నాళ్లూ నేను ఎవరిని? సదస్సులో ఇచ్చే సర్టిఫికెట్టుతో నేను అధికారికంగా పఠకురాలిని అవుతానా?
– ఒక ఉపాధ్యాయురాలు, గోపాలపట్నం

జవాబు: మీరు ఇన్నాళ్లూ చేసినది సక్రమమైన సేవే, అందులో సందేహం అక్కరలేదు. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. 1972 ఆగస్టు 15న పోప్ ఆరవ పౌలు, అంతకుముందు గురుత్వానికి మెట్లుగా ఉన్న చిన్న పట్టాలను రద్దుచేసి, పఠకుడు, పీఠ సేవకుడు అనే రెండు స్థిర సేవలను గృహస్థులకు కూడా ఇవ్వవచ్చునన్నారు గానీ, వాటిని పురుషులకే పరిమితం చేశారు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 230వ నియమం, తాత్కాలిక నియామకంతో స్త్రీపురుషులెవరైనా పఠనం చేయవచ్చునని చెప్పింది. మీరు చదువుతున్నది ఈ రెండవ పద్ధతిలో. 2021 జనవరి 10న పోప్ ఫ్రాన్సిస్ ఆ నియమాన్ని సవరించి, స్థిర సేవలను కూడా స్త్రీలకు తెరిచారు. 2022 జనవరి 23న, దైవవాక్కు ఆదివారంనాడు, పునీత పేతురు మహాదేవాలయంలో తానే స్వయంగా స్త్రీలను, పురుషులను పఠక సేవకు నియమించారు. అంతకుముందు 2021 మే 10న ఉపదేశి సేవను కూడా ఇదే విధమైన స్థిర సేవగా నెలకొల్పారు.

స్థిర సేవకు నియమించవలసినది పీఠాధిపతి, అదీ నిర్ణీతమైన అర్చన క్రమంలో. సదస్సులో ఇచ్చేది హాజరు పత్రం మాత్రమే. నిర్వాహకులు దానిమీద 'నియమిత పఠకురాలు' వంటి మాటలు అచ్చువేయకుండా చూసుకోవాలి.

ప్రశ్న: నేను సత్ప్రసాద సేవకుణ్ణి. ఆదివారం పూజ అయ్యాక మంచం పట్టిన కొందరు పెద్దల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తాను. దారిలో పూర్ణా మార్కెట్టులో కూరగాయలు కొనుక్కోవడం అలవాటైంది, తప్పా? వెళ్లేసరికి వారు టిఫిన్ తినేసి ఉంటే ఏం చేయాలి? ఒక ఇంట్లో నూనె రాసి ప్రార్థించమని కూడా అడుగుతున్నారు.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, పాత పట్టణం

జవాబు: మార్కెట్టు పని తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. దివ్యసత్ప్రసాదాన్ని మందసం (దేవాలయంలో సత్ప్రసాదాన్ని భద్రపరచే పెట్టె) ఉన్న చోటునుండి వీలైనంతవరకు తిన్నగా రోగి ఇంటికే తీసుకువెళ్లాలని, మధ్యలో ఇతర వ్యవహారాలు పెట్టుకోరాదని 2004లో వెలువడిన రోమ్ ఆదేశపత్రం స్పష్టంగా చెప్పింది. స్కూటరు మీద వెళ్లడంలో తప్పులేదు. పిక్స్‌ను (సత్ప్రసాదం ఉంచే చిన్న డబ్బీని) డిక్కీలో పెట్టడం మాత్రం తగదు, దాని సంచిని మెడకు వేసుకొని గుండెకు ఆనించి ఉంచుకోండి. ఇంటివారికి ముందురోజే ఫోన్ చేసి చెబితే, చిన్న బల్ల మీద తెల్లని గుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, టీవీ ఆపి ఉంచుతారు.

టిఫిన్ గురించి బెంగపడవద్దు. స్వీకరణకు గంటముందు నుండి ఉపవాసం ఉండాలన్న నియమం వృద్ధులకు, రోగులకు, వారిని కనిపెట్టుకొని ఉండేవారికి వర్తించదని శ్రీసభ ధర్మశాస్త్రం 919వ నియమం చెబుతున్నది. ఇడ్లీ తిన్నారని చెప్పి ఎనభై ఏళ్ల ముసలమ్మను వచ్చే ఆదివారం దాకా ఆపడం నియమాన్ని తెలియక చేసే కాఠిన్యం. నూనె విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి: వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని (రోగికి పవిత్ర తైలం పూసే సంస్కారాన్ని) గురువు మాత్రమే ఇవ్వగలరు. మీరు నూనె రాయవద్దు, మామూలు కొబ్బరినూనెను కూడా ఆ సందర్భంలో వాడవద్దు, ఎందుకంటే ఇంటివారు దానినే అభ్యంగనం అనుకొని గురువును పిలవడం మానుకుంటారు. వారి కోరికను అదే రోజు విచారణ గురువుకు తెలియజేయండి. ముగింపులో రోగి మీద సిలువ గుర్తు వేసి దీవించడం కూడా గురువు, డీకన్‌ల పని. మీరు దేవుని దీవెనను వేడుకొంటూ మీ మీదనే సిలువ గుర్తు వేసుకోవాలి.

ప్రశ్న: మా దేవాలయంలో కొన్నిసార్లు గురువులు ఇద్దరు ముగ్గురు ఉన్నా, వారు కూర్చొని ఉండగా మేమే దివ్యసత్ప్రసాదం పంచుతున్నాము. ఇది సరైనదేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సరైనది కాదు. గురువులు లేనప్పుడు, అనారోగ్యం, వృద్ధాప్యం వంటి కారణాలతో వారు పంచలేనప్పుడు, జనం ఎక్కువై పూజ మరీ సాగిపోయేటప్పుడు సేవకులను వినియోగించవచ్చునని 1973లోనే అనుమతి ఇచ్చారు. పంచగల గురువులు అక్కడే ఉండి సేవకులకు అప్పగించడాన్ని 2004 ఆదేశపత్రం తోసిపుచ్చింది. దీనిని సదస్సులో అందరి ముందూ లేవనెత్తవద్దు. విచారణ గురువుతో ఏకాంతంగా మాట్లాడండి. మోకాళ్ల నొప్పివంటి కారణం ఉండి ఉండవచ్చు, దానిని ఎవరూ పైకి చెప్పుకోరు.

ప్రశ్న: పఠనాన్ని సెల్‌ఫోనులో చూసి చదవవచ్చా?
– ఒక కాలేజీ విద్యార్థిని, మహారాణిపేట

జవాబు: ఇంట్లో సాధన చేయడానికి ఫోను చక్కగా పనికివస్తుంది. పూజలో మాత్రం పఠన గ్రంథం నుండే చదవాలి. దైవవాక్కు గౌరవం దృష్ట్యా పఠన గ్రంథాలకు బదులుగా కరపత్రాల వంటి ఇతర సాధనాలు వాడరాదని పఠన గ్రంథ ప్రవేశిక 37వ అంశం చెబుతున్నది, ఫోనుకూ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. పూజకు పదిహేను నిమిషాలు ముందు వచ్చి, గ్రంథంలో రిబ్బను ఆ రోజు పఠనం దగ్గరే ఉందో, కిందటి వారం పేజీలోనే ఉండిపోయిందో చూసుకోండి.