పాత వంటింటిని పడగొట్టకుండా బాగుచేసుకోవడం

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీరు కొన్న ఇంట్లో వంటిల్లు నలభై ఏళ్ల నాటిదనీ, మాడ్యులర్ కిచెన్ పెట్టించాలంటే లక్షల్లో చెబుతున్నారనీ, మీరు తీసిపెట్టినది 15,000 రూపాయలేననీ రాశావు. నీవు పంపిన ఫొటోలను శ్రద్ధగా చూశాను. గట్టు గట్టిగానే ఉంది, రాతి అరలు చెక్కుచెదరలేదు, టైల్స్ ఊడలేదు. ఆ గది అంత పాతగా కనబడడానికి జిడ్డూ చీకటీ ప్రధాన కారణాలు కాబట్టి, ఆ రెండూ వదిలేదాకా అలంకరణ కోసం ఒక్క వస్తువు కూడా కొనవద్దని నా మాట.

ముందుగా డబ్బాలూ గిన్నెలూ అన్నీ హాల్లోకి చేర్చి, వంటిల్లు పూర్తిగా ఖాళీ చెయ్యి. బకెట్టు వేడినీళ్లలో గుప్పెడు చాకలి సోడా కలిపి, ఆ నీటిలో ముంచిన గుడ్డను పొయ్యి వెనుక టైల్స్ మీద పది నిమిషాలు పరిచి ఉంచితే, ఏళ్ల తరబడి పేరుకున్న తాలింపు జిడ్డు మెత్తబడి, పీచుతో రుద్దగానే పసుపురంగు నురగై దిగుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. కిటికీ అల్యూమినియం చట్రాలకు మాత్రం ఈ సోడానీరు తగలనీయకు, అవి నల్లబడతాయి. వాటికి గిన్నెలు తోమే సబ్బు చాలు.

ఇక గట్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మీది గ్రానైట్ కాదు, కడప నల్లరాయి. అది సున్నపురాయి జాతికి చెందినది కనుక పులుపు తగిలితే పైపొర కరిగి మెరుపు పోతుంది. సింకు పక్కన గుండ్రంగా కనబడుతున్న బూడిదరంగు మచ్చలు చూస్తే, ఎవరో చింతపండు నానబెట్టిన గిన్నెనో, నిమ్మచెక్కలనో అక్కడ తరచుగా పెట్టేవారని అర్థమవుతోంది. ఇటువంటి మచ్చను చూసి కంగారుపడి వెనిగరో, బాత్రూము యాసిడో పోస్తే అది ఇంకా పెద్దదవుతుంది. నీళ్లలో తడిపి వాడే ఎమరీ కాగితం 400 నంబరుతో మొదలుపెట్టి, తర్వాత 800, చివరగా 1200 నంబరుతో, రాయి ఎప్పుడూ తడిగా ఉండేలా చూసుకుంటూ, చుట్టూ ఉన్న భాగంలో కలిసిపోయేలా మెల్లగా రుద్దాలి. ఒకరోజు పూర్తిగా ఆరనిచ్చి, నాలుగైదు చుక్కల కొబ్బరినూనె పలచగా రాసి పొడిగుడ్డతో గట్టిగా తుడిచేస్తే నలుపు మళ్లీ తేలుతుంది. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి జిడ్డు మొదటికొస్తుంది.

టైల్స్ మార్చవద్దు, వాటి సందులు మార్చు. నల్లబడిన పాత పూతను సన్నటి పనిముట్టుతో గీకి తీసి, తడిపి, తెల్ల సిమెంటు నింపితే గోడ కొత్తదానిలా కనబడుతుంది. సింకు చుట్టూ, పొయ్యి వెనుకా మాత్రం ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందులు నింపే రెజిన్ పూత) వేయించుకో; ఖరీదు ఎక్కువైనా పసుపు మరక పట్టదు. బజారులో దొరికే అంటించే స్టిక్కరు షీట్లను పొయ్యి వెనుక అతికించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. వేడికి అంచులు లేస్తాయి, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. శుభ్రం చేసేటప్పుడు యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ కలపకు, విషవాయువు వెలువడుతుంది.

అలమర తలుపుల చెక్క బాగుంది కనుక రంగు వేస్తే సరిపోతుంది. అయితే పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది కాబట్టి పాత రంగును పొడిగా గీకించవద్దు. తడిపి రుద్దించి, ఆ మడ్డిని కాగితంలో ఎత్తి పారవేయించు. ఆ పూట పాపను మీ అత్తగారి దగ్గర ఉంచు. తర్వాత ప్రైమరు, దానిపై రెండు పూతలు. రంగు వేసే రోజు పొయ్యి వెలిగించకూడదు. పాత పిడులు తీసి ఇత్తడివి బిగిస్తే ఆ తలుపులకే వేరే అందం వస్తుంది.

గోడలకు లేత రంగు ఎమల్షన్ వేయించండి. సింకు కింద పెచ్చులూడుతున్న చోట మాత్రం ముందు ప్లంబరును పిలిచి కారుతున్న గొట్టాన్ని సరిచేయించి, గోడ ఆరాకే రంగు సంగతి చూడాలి. చెమ్మ మీద వేసిన రంగు నిలవదు.

వెలుతురు విషయంలో పిసినారితనం వద్దు. ఇప్పుడున్న ట్యూబులైటు నీ వీపు వెనుక ఉన్నందువల్ల కూరలు తరిగేచోట నీ నీడే పడుతోంది. గట్టు పైనున్న రాతి అర అడుగున, ముందు అంచుకు దగ్గరగా, ఒక సన్నటి ఎల్ఈడీ బ్యాటన్ (పట్టీలాంటి పొడవాటి దీపం) పెట్టించు. మరీ నీలిగా ఉండే తెలుపు కాక 4000 కెల్విన్ రకం తీసుకుంటే కూరల రంగు సహజంగా కనబడుతుంది.

మిగిలిన డబ్బుతో మంచి కుళాయి ఒకటి కొనుక్కో. దానికంటే ముందు గ్యాసు గొట్టం మీద ముద్రించిన తేదీ చూడు. సిలిండరు నుంచి పొయ్యికి గ్యాసు తెచ్చే ఆ సురక్ష గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చాలి. గట్టు కింద గుడ్డ తెర కట్టాలని అనుకుంటున్నావు కదా, సిలిండరు ఉన్నవైపు వదిలేసి రెండోవైపు మాత్రమే కట్టు. రాతిపని ముగిశాక గట్టు ఫొటో ఒకటి పంపించు, మచ్చలు ఇంకా మిగిలితే ఏ నంబరు కాగితం వాడాలో చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ