పూణె పోతున్న నా తమ్ముని కొడుక్కు

కొడుకా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, జడ్చర్ల కంపెనీ ఇడిసిపెట్టి పూణె పోతున్నవంట, ఇక్కడ 19 వేలైతే అక్కడ 31 వేలు ఇస్తమన్నరంట. మస్తు సంబురమైంది బిడ్డా. మన ఇంట్ల పార, తట్ట లేకుండ పూణె పోతున్నోనివి నువ్వే మొదటోనివి. గని ఫోన్ పెట్టేసినంక నాకు నిద్ర పట్టలే, అందుకే పొద్దుగాల్నే కూసోని ఇది టైప్ చేస్తున్న, ఆఖరి దాక చదువు.

ఆఫర్ లెటర్ చేతికి రానిది ఇక్కడ రాజీనామా ఇయ్యకు. పీఎఫ్ పాత నంబర్ మీదనే నడిచేటట్టు చూస్కో. 12 వేలు ఎక్కువ అనుకుంటున్నవ్ గదా, దాంట్ల 9 వేలు రూమ్ కిరాయి తియ్యి, ఇక్కడ సొంతిల్లు, అమ్మ చేసే జొన్నరొట్టె, పెరట్ల కూరగాయలు ఇవేవీ నీ లెక్కల లేవు, పండుగకు ముగ్గురు వచ్చిపోయే చార్జీలు గూడ తీసి మిగిలిందెంతో కాగితం మీద రాసి చూడు.

పైసలు ఎక్కువొస్తే మనిషి యాడికైనా పోతడంటరు గని నేను చూసింది అట్ల లేదు. 1955ల నాగార్జునసాగర్ కట్ట పని మొదలైనంక మా నాయిన ఆడికి పోయిండు, ఎందుకంటే ఊరోళ్ళు పదిమంది అప్పటికే ఆడ ఉండిరి. మేం బొంబాయి, పూణె పోయింది గూడ గట్లనే, దిగిన రాత్రి ఇంత అన్నం పెట్టి పండనిచ్చే మనోళ్ళ గుడిసెలు ఉండె. ఇంకో దిక్కు కూలి ఎక్కువ అని ఎవరన్న చెప్పినా అటు మొకం పెట్టలే. అప్పు, పడని వాన, ఎండిన బోరు మనిషిని ఎళ్లగొడ్తయి. ముసలోళ్ళు, గొడ్లు, పిల్లల బడి ఆపుతయి. నేను ఆ బడిని లెక్కల పెట్టలే కొడుకా.

1994, దసరా అయినంక. జొన్న ఎండింది, అప్పు మీద పడ్డది. గుంపు మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్స్ 4 వేలు అరుగు మీద పెట్టి, నువ్వొక్కనివే వస్తే ఒక్క కూలి, పెండ్లాన్ని గూడ తోలుకొస్తే రెండు కూలీలు, సంటోన్ని మీ బిడ్డ చూస్కుంటది అన్నడు. మీ అక్క అప్పుడు అయిదో తరగతి. ఆ రెండో కూలి ఆశకు నా బుర్ర పనిచెయ్యలే. వాళ్ల సారు ఇంటికొచ్చి, పిల్ల లెక్కలు మంచిగ చేస్తది, ముసలమ్మ కాడ ఇడిసి పోరాదె అని బతిలాడిండు. నా ఇంటి సంగతి నీకెందుకు అని ఆయన మీదికి లేచిన.

కృష్ణ స్టేషన్ల రైలెక్కినం. పూణెల సైటు కాడ కట్టెలకు చీర కట్టి తమ్ముని ఉయ్యాల ఊపుకుంట కూసునేది మీ అక్క. ఒకనాడు పగటీలి అన్నానికి దిగొస్తే ఖాళీ సిమెంటు సంచి కాగితం చింపి, దులిపి, బొగ్గుతోని ఎక్కాలు రాస్తుండె. పదమూడో ఎక్కం సగం దాక వచ్చి ఆగింది. తర్వాతది యాదికి లేదు నాయినా అన్నది. నాకు గూడ రాదు. ఆ కాగితం పొయ్యిల పోయింది. జూన్‌ల ఊరికొస్తే రిజిస్టర్ల పేరు కొట్టేసి ఉంది, మళ్ల చిన్నపిల్లల పక్కన కూసోనీకె సిగ్గుపడి పోనే పోలే.

ఇయ్యాల గూడ బ్యాంక్‌ల ఫారం చేతికిస్తే పక్కోళ్ల దిక్కు చూస్తది మీ అక్క. నన్ను ఒక్కనాడు గూడ ఒక్క మాట అనలే.

పాప రెండో తరగతి సగంల ఉన్నది, డిసెంబర్‌లనే తీస్కపోతవంట. ఎందుకురా అంత తొందర? బుద్ధి లేదా నీకు? ఏడాది మధ్యల పోయినా బడిల చేర్చుకోవాలె, సర్కారు బడి అయితే టీసీ లేటైందని ఆపొద్దు, 2009 విద్యా హక్కు చట్టంలనే ఉంది. గని చేర్చుకునుడు వేరు, చదువు ఎక్కుడు వేరు. ఆడ మరాఠీ తప్పనిసరి, 2020ల చట్టమే తెచ్చిండ్రు. మన పిల్లకు ఒక్క ముక్క రాదు, సగంల పోయి కూసుంటే ఏమర్థమైతది?

నువ్వు ముందు పో. నాలుగు నెలలు ఒంటరిగ ఉండుడు కష్టమే, నాకు తెల్వదా, రోజూ వీడియో కాల్ చెయ్. అంతల రూమ్ చూడు, తెలుగోళ్ళు ఉన్న గల్లీ చూడు, బడి చూడు. ఏప్రిల్‌ల పాప పరీక్షలు అయినంక ఇద్దర్ని నేనే తోలుకొచ్చి దించిపోత. అప్పటిదాక బడి నుంచి తెచ్చుడు, తోలుడు నా పని, సైకిల్ రిపేర్ గూడ చేపిచ్చిన.

నువ్వు రైలెక్కే దినం చెప్పు, స్టేషన్ కాడికొస్త. పెద్దమ్మ నాలుగు దినాలకు సరిపడ రొట్టెలు, పల్లి కారం కట్టిస్తనంటున్నది.

మీ పెద్దనాయిన