అప్పీలు వదిలేసి జెనీవాకు రాస్తే ఏమవుతుంది?

ప్రశ్న: 30 ఏళ్లుగా ఉంటున్న ఇంటికి శుక్రవారం సాయంత్రం నోటీసు అంటించి, రోడ్డు వెడల్పు కోసమంటూ సోమవారం పొద్దున్నే కూల్చేశారు. అమ్మ మందుల పెట్టె కూడా శిథిలాల కిందే పోయింది. ఇది జరిగి 14 నెలలైంది. కింది కోర్టు 3 నెలల కిందట మా కేసు కొట్టేసింది. వేరే చోటు చూపడానికి డబ్బు లేదంటోంది ప్రభుత్వం. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోనూ, దాని ఐచ్ఛిక ప్రోటోకాల్‌లోనూ (వ్యక్తులు కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే అదనపు ఒప్పందం) మా దేశం చేరింది. అప్పీలు దండగ, నేరుగా జెనీవాలో ఈ ఒడంబడిక అమలు చూసే ఐక్యరాజ్య సమితి కమిటీకి రాయమంటున్నారు తెలిసినవాళ్లు. ఏడాదిలోపు రాయాలట కదా, గడువు దాటిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. నోటీసు కాగితం పోయింది గానీ పేపర్ కటింగులు 40 దాకా ఉన్నాయి.

జవాబు: మీ కేసును తేల్చేది కూల్చివేత కాదు, 14 నెలలూ కాదు. మీరు అప్పీలు వేయలేదు. అసలు విషయం అదే.

2008 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్ 3వ అధికరణం చదవండి. దేశంలో ఉన్న న్యాయమార్గాలన్నీ అయిపోయాకే కమిటీ ఫిర్యాదు తీసుకుంటుంది. ఏడాది గడువు మొదలయ్యేది కూడా ఆ చివరి తీర్పు నుంచే, ఇల్లు కూలిన రోజు నుంచి కాదు. అంటే మీరు భయపడుతున్న గడువు ఇంకా మొదలే కాలేదు. మీ దేశంలో అప్పీలుకున్న గడువు మాత్రం కింది కోర్టు తీర్పు నుంచి నడుస్తోంది, దాని సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇది మామూలు అజాగ్రత్త కాదు.

‘కోర్టుల్లో ఏళ్లు పడుతుంది కాబట్టి మినహాయింపు అడుగుదాం’ అని కూడా మీకెవరైనా చెప్పొచ్చు. విచారణ అకారణంగా సాగదీస్తే మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే వేయని అప్పీలు ఆలస్యమైందని ఎవరికి చెబుతారు? ఆ దారిలో వెళ్లకండి. ఫిర్యాదు అక్కడ తిరస్కరణకు గురవుతుంది, ఈలోగా ఇక్కడ అప్పీలు తలుపు మూసుకుపోతుంది. రెండూ పోతాయి.

స్పెయిన్‌లో ఒక మహిళ ఇంటిని తనఖా బాకీ కింద వేలానికి పెట్టారు. కోర్టు నోటీసు ఆమె చేతికి అందలేదు, చివరికి నోటీసు బోర్డుకు అంటించి సరిపెట్టారు. వేలం ఉత్తర్వు దాకా ఆమెకు సంగతే తెలియదు. నోటీసు అందించడానికి చేయాల్సినంత ప్రయత్నం జరగలేదని, ఇది గృహ హక్కు ఉల్లంఘనేనని 2015లో కమిటీ తేల్చింది. కానీ ఆమె రాజ్యాంగ న్యాయస్థానం దాకా తిరిగి, అక్కడా కాదన్నాకే కమిటీకి రాసింది.

ఇక ‘డబ్బు లేదు’ అన్న జవాబు. దీనికి మీరు బెదిరిపోయినట్టున్నారు, అక్కర్లేదు. ఒడంబడిక 2వ అధికరణం హక్కులను అందుబాటులో ఉన్న వనరుల మేరకు క్రమంగా అమలు చేయమంటుంది. ప్రభుత్వాలు ‘క్రమంగా’ అన్న మాటనే పట్టుకుంటాయి. అయితే కనీస స్థాయి బాధ్యతలు వెంటనే నెరవేర్చాల్సినవని కమిటీ 1990లోనే స్పష్టం చేసింది. ఖాళీ చేయించేటప్పుడు ముందుగా సంప్రదించాలి, తగినంత వ్యవధితో నోటీసు ఇవ్వాలి, ఎవరినీ నిలువనీడ లేకుండా చేయకూడదు అని 1997 నాటి 7వ సాధారణ వ్యాఖ్యలో (ఒడంబడికకు కమిటీ ఇచ్చిన వివరణ) ఉంది. శుక్రవారం అంటించిన నోటీసును 30 రోజుల ముందు అంటించడానికి ప్రభుత్వానికి అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు. మీ వాదనకు ప్రాణం అక్కడుంది. ప్రత్యామ్నాయ ఇంటి విషయంలో మాత్రం ప్రభుత్వం తీసుకున్న చర్యలు సహేతుకమా కాదా అని చూస్తారు, అక్కడ పోరాటం కష్టం.

కటింగులు 40 కాదు, 400 ఉన్నా లాభం లేదు. కేవలం మీడియా కథనాల మీద ఆధారపడిన ఫిర్యాదును కమిటీ స్వీకరించదని ఆ 3వ అధికరణంలోనే ఉంది. పేరు లేకుండా రాసినా అంతే. అసలు కాగితాన్ని పోగొట్టుకుని కటింగులు దాచుకున్నారు, ఏం చేయాలి మిమ్మల్ని?

ఈ వారంలోనే తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. గడువు దాటి ఉంటే జాప్యాన్ని మన్నించమనే పిటిషన్ జోడించి అప్పీలు వేయించండి. నోటీసు నకలు కోసం కూల్చిన కార్యాలయానికి రాతపూర్వకంగా రాసి రసీదు తీసుకోండి. పక్కింటివాళ్లలో ఎవరైనా ఫోన్‌లో ఆ నోటీసు ఫోటో తీసి ఉంటే, ఆ ఫోన్‌నే భద్రం చేయమనండి, తేదీ అందులోనే ఉంటుంది. మందుల పెట్టె సంగతి అమ్మగారి అఫిడవిట్‌లో రావాలి, చీటీలుంటే జతచేయండి. అన్నిటికన్నా ముఖ్యం, అప్పీలు మెమోలోనే గృహ హక్కు, నోటీసు, సంప్రదింపుల మాట ఎత్తండి. స్వదేశీ కోర్టు ముందు ఎత్తని వాదనను జెనీవాలో కొత్తగా తెస్తే ఇక్కడి కోర్టుకు ఆ అవకాశమే ఇవ్వలేదంటారు.

మీ దేశానికి ప్రోటోకాల్ ఏ తేదీన అమల్లోకి వచ్చిందో కూడా చూసుకోండి. కూల్చివేత అంతకు ముందు జరిగి ఉంటే కమిటీ సాధారణంగా తీసుకోదు. భారతదేశంలోని పాఠకులు ఈ దారి తమకూ ఉందనుకోవద్దు. మనం 1979లో ఒడంబడికలో చేరాం గానీ ప్రోటోకాల్‌లో చేరలేదు.

అప్పీల్లో కూడా ఓడిపోతే ఆ తీర్పు తేదీని రాసి పెట్టుకుని, కాగితాలన్నీ తీసుకుని మళ్లీ రాయండి. ఆపైన వెళ్లడానికి ఇంకే కోర్టూ మిగలకపోతే మీ ఏడాది ఆ రోజు నుంచి లెక్క.