గుట్ట ఎక్కకుండా రాసిన నివేదిక

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వాటర్‌షెడ్ (ఒక వంకలోకి వాననీరు చేరే నేలంతా) ముసాయిదా నివేదికను రెండు రాత్రులు కూర్చుని చదివాను. దీపాలకు నూనె ఖర్చు లేని కాలం కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే నూనెంతా తగలేస్తున్నావా అని మీ పెద్దమ్మ అడిగేది. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పటాలు అందంగా ఉన్నాయి. కానీ వంక మీద సిమెంటు చెక్ డ్యాములు పదకొండు, వాటికి ఆరు పేజీలు. గుట్ట మీద తవ్వే కందకాలకు నాలుగే వాక్యాలు, అందులో ఒకటి ‘అవసరాన్ని బట్టి’ అని మొదలవుతుంది. నువ్వు ఆ గుట్ట ఎక్కలేదని నాకు అక్కడే తెలిసిపోయింది.

కోప్పడటం లేదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ జీపు వెళ్ళినంత దూరమే వెళ్ళేవాణ్ణి. జీపు వంక దగ్గర ఆగుతుంది కాబట్టి పనులన్నీ వంక దగ్గరే కనిపించేవి. మట్టి మాత్రం వంక దగ్గర కోసుకుపోవడం మొదలుపెట్టదు. పైన, బోడిగుట్ట మీద, ఆ గుట్ట కిందున్న పేదవాడి రెండెకరాల్లో మొదలవుతుంది. అక్కడ ఆపకుండా కింద గోడ కడితే ఆ గోడ నీళ్ళను కాదు, బురదను పట్టుకుంటుంది. మూడు నాలుగు వానాకాలాలకు గోడ అంచు దాకా పూడిక నిండి, పిల్లలు దాని మీద నడిచి అవతలికి వెళ్తారు. నేను కట్టించిన వాటిలో అలాంటివి రెండున్నాయి. ఎప్పుడైనా తీసుకెళ్ళి చూపిస్తాను.

మన అనంతపురంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ తీరుగా పడదు, నాలుగైదు గట్టి వానల్లో సగం కుమ్మరించి పోతుంది. వేరుశనగ కోసం దున్ని పెట్టిన ఎర్రనేల ఆ దెబ్బకు నిలవదు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే నాలుగు ఘనమీటర్లు పోయినట్టు. ట్రాక్టరు ట్రాలీ నిండి ఇంకా మిగులుతుంది. ఆ మిల్లీమీటరు కంటికి ఆనదు కాబట్టి రైతుకు పోయినట్టే అనిపించదు. 1983లో దేశమంతటికీ కలిపి వేసిన అంచనాలో హెక్టారుకు ఏటా సగటున 16 టన్నులకు పైగా కొట్టుకుపోతోందని తేలింది. అదీ దాదాపు ఈ మిల్లీమీటరే. ఊళ్ళో మాట్లాడేటప్పుడు టన్నులు చెప్పకు, ట్రాలీలు చెప్పు. ఇంకా నమ్మకపోతే తుంగభద్ర జలాశయం సంగతి చెప్పు. 133 టీఎంసీలకు కట్టిన జలాశయంలో ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరకే చోటుంది. మిగతా చోటంతా ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టిదే. ఆ జలాశయం నుంచి వచ్చే ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్ళ కోసం ఎదురుచూసే మన జిల్లా వాళ్ళకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ఇక గట్ల విషయం. మనవాళ్ళకు గట్టంటే కొండా, పొలం గట్టూ రెండూను. నేను పొలం గట్టు గురించి చెబుతున్నాను. కొత్తలో మేము లెవెల్ యంత్రం పెట్టి, సమాన ఎత్తు రేఖ ఎటు పోతే అటు కాంటూరు గట్టు వేసుకుంటూ పోయాము. పుస్తకం ప్రకారం అది తప్పు కాదు. ఒక రైతు ఐదెకరాల చేనులో ఆ రేఖ ఏటవాలుగా పోయి, ఒక మూల ముక్కోణం మిగిలింది. రెండో ఏడు వెళ్ళి చూస్తే గట్టు లేదు, దున్నేశాడు. ఎందుకు చెరిపావని గట్టిగానే అడిగాను. ‘నీళ్ళు ఆపారు, సరే సార్. గొర్రు ఎక్కడ తిప్పుకోవాలి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఊళ్ళో మేము వేసిన గట్లలో సగానికి పైగా అలాగే చేలల్లో కలిసిపోయాయి.

అందుకని నీ పటంలో కాంటూరు రేఖలతో పాటు సర్వే నంబర్ల హద్దులు కూడా గీయించు. రేఖను హద్దు దగ్గరికి జరపగలిగిన చోట జరుపు. కొంచెం వాలు తేడా వస్తే, పల్లపు మూలలో రాళ్ళతో చిన్న అలుగు పెట్టించు. రైతు తనదనుకున్న గట్టునే ఏటా ఎగదోసుకుంటాడు. దాని మీద కిత్తనారో, గిరిపుష్పమో, వరుసగా కంది మొక్కలో ఉంటే ఇంకా మంచిది. అన్నట్టు, నీ క్లస్టరులో, అంటే నీ కిందున్న ఊళ్ళ గుంపులో, రెండు ఊళ్ళు నల్లరేగడివి. అక్కడికి ఎర్రనేల కొలతలే ఎక్కించావు. నల్లరేగడిలో అడ్డుకట్ట వేస్తే పైన నీరు నిలిచి పైరు కుళ్ళుతుంది, ఎండలకు గట్టే బీటలు వారుతుంది, మరుసటి వానకు ఆ బీటలోంచే తెగుతుంది. అక్కడ కావలసింది నీటిని ఆపే గట్టు కాదు, కొద్ది వాలుతో మెల్లగా పక్కకు నడిపించి గడ్డి పెంచిన కాలువలోకి వదిలే గట్టు. ఆ రెండు ఊళ్ళ పేజీలు పూర్తిగా తిరగరాయి.

వాలుకు అడ్డంగా దున్నమని రైతు సమావేశంలో నువ్వు చెప్పావట, బాగుంది. కానీ ఇప్పుడు దున్నేది రైతు కాదు, అద్దె ట్రాక్టరు డ్రైవరు. అతనికి మలుపులు తగ్గాలి కాబట్టి చేను ఎటు పొడవుగా ఉంటే అటే తోలుతాడు. ఆ పొడవు వాలు వెంట ఉందా, ప్రతి చాలూ ఒక పిల్లకాలువే. మండలంలో ట్రాక్టర్లు తోలే కుర్రాళ్ళను ఒక సాయంత్రం పిలిచి టీ ఇప్పించి మాట్లాడు. నివేదికలో ఆ టీ ఖర్చుకు పద్దు ఉండదు, నీ జేబులోంచే పెట్టుకో.

విధానాల సంగతి అడిగావు. 1973-74లో కరవు పీడిత ప్రాంతాల కార్యక్రమం వచ్చినప్పటి నుంచి పేర్లు మారుతూనే ఉన్నాయి. పేరు మారినప్పుడల్లా ముందు మారేది ఊరి మొదట్లో బోర్డు. నిజంగా మలుపు తిప్పింది మాత్రం 1994లో హనుమంతరావు కమిటీ. దాని ఫలితంగా 1995 ఏప్రిల్ నుంచి దాదాపు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్, దానికి ఊరి కమిటీ, పనుల ఎంపిక ఊరిదే అన్న పద్ధతి వచ్చింది. అంతకు ముందు మేము గట్టు వేసి వచ్చేవాళ్ళం, ఎవరినీ అడిగేవాళ్ళం కాదు. 2003లో హరియాలి పేరుతో పంచాయతీల చేతికి వెళ్ళింది. 2008లో ఉమ్మడి మార్గదర్శకాలతో వెయ్యి నుంచి ఐదు వేల హెక్టార్ల క్లస్టర్లయ్యాయి. 2021-22 నుంచి మొదలైన విడతలో మైదాన ప్రాంతాలకు హెక్టారు ఖర్చు 12,000 నుంచి 22,000 రూపాయలకు పెంచారు. డబ్బు పెరగడం మంచిదే. నా భయమల్లా పెరిగినదంతా సిమెంటుకే పోతుందేమోనని. సిమెంటు పని ఒక చోట కనిపిస్తుంది, ఫొటో పడుతుంది, కొలవడం సులువు, శిలాఫలకం పెట్టుకోవచ్చు. కందకాలకు శిలాఫలకం ఎవరు పెడతారు?

పనులు గుట్ట పైనుంచి కిందికి రావాలన్నది ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి సర్పంచో, ఇంకో పెద్దమనిషో ముందు చెక్ డ్యామ్ అని పట్టుబడితే వాదించకు, ఆ పేజీ చూపించు. కందకాలకు నిధులు చాలవంటావా, ఉపాధి పనులతో కలుపుకునే వీలుంది. ఆ హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో. కందకం తవ్వడం మనవాళ్ళకు నువ్వు నేర్పాల్సిన పని లేదు, వరుస తప్పించి తవ్వమని మాత్రం చెప్పు. పై వరుసలో రెండు కందకాల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరుస కందకం రావాలి. తీసిన మట్టి దిగువ వైపు, అంచు నుంచి ఒక అడుగు వదిలి వేయాలి. లేకపోతే మొదటి వానకే ఆ మట్టి మళ్ళీ కందకంలో పడుతుంది.

ఇంకొక మాట, ఇది నా మనసులో చాలాకాలంగా ఉన్నది. సొంత పొలంలో చేసే పనికి రైతు కొంత వాటా కట్టాలని 2008 నాటి నిబంధన. సాధారణంగా పది శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న సన్నకారు రైతులకు ఐదు. అది రైతు ఇవ్వాలి, కూలీల వేతనంలోంచి కోయకూడదని కూడా రాసి ఉంది. అయినా కోసేవారు. నేను పని చేసిన ఒక చోట, మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) సంతకం పెట్టిన కూలి డబ్బు చేతికి తక్కువొచ్చిందని ఒక ఆవిడ అడిగితే, ‘అది చందా’ అన్నారు. ఎవరి పొలానికి చందా? ఆమెకు పొలమే లేదు. నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. నీ హయాంలో ఆ పని జరగనివ్వకు.

గుట్ట మీద పని మొదలుపెట్టే ముందు గొర్రెల కాపరులను కలువు. వాళ్ళు గ్రామసభకు రారు, వచ్చినా వెనక నిలబడతారు. కందకాలు తవ్వి, మొక్కలు నాటి, మేపు బంద్ అంటే వాళ్ళ బతుకు బంద్. ఒక వైపు వదిలి ఇంకో వైపు మూసి, గొర్రెలు పోయే దారి విడిచిపెట్టు. నేను ఒకసారి గుట్టంతా ఒకేసారి మూయించాను. మొక్కలు ఆరు నెలలు కూడా ఉండలేదు. తప్పు గొర్రెలది కాదు.

వంకల్లో రాతికట్టలు వేసేటప్పుడు నడుమ తగ్గించి, రెండు పక్కలా ఎత్తు ఉంచాలి, చివరలను ఒడ్డులోకి దిగవేయాలి. మేస్త్రీలు చూడటానికి సమంగా ఉండాలని పైభాగం చదును చేస్తారు. అప్పుడు నీరు కట్ట చివర నుంచి ఒడ్డును కోసుకుని పోతుంది, కట్ట మాత్రం నడివంకలో దిక్కులేనిదానిలా నిలబడుతుంది. గుండ్రాళ్ళు వాడనివ్వకు. బిల్లులు, కొలతల పుస్తకాల సంగతి నీకే బాగా తెలుసు.

సెప్టెంబరులో మనకు గట్టి వానలు. ఈసారి ఒక పెద్దవాన కురుస్తుండగా గొడుగు వేసుకుని వెళ్ళు. పని జరిగిన వంకలోంచి ఒక సీసా, జరగని వంకలోంచి ఒక సీసా నీళ్ళు పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున అడుగున ఎంత మట్టి పేరుకుందో ఫొటో తీసి నాకు పంపు. నీ నివేదికలోని పట్టికలన్నిటికంటే ఆ ఫొటో కోసమే నేను ఎదురుచూస్తాను.

సమాన ఎత్తు రేఖ గుర్తించే నా పాత ‘A’ ఆకారపు చట్రాన్ని బస్సులో పంపిస్తున్నాను. రెండు కర్రలు, ఒక అడ్డకర్ర, తాడుకు వేలాడే రాయి, అంతే. యంత్రం చెడిపోయిన రోజున పనికొస్తుంది, ఊరివాళ్ళు కూడా అరగంటలో నేర్చుకుంటారు. అడ్డకర్ర మీద నేను పెట్టిన గీతను నమ్మకు. అటకమీద ఉండి కర్ర వంగి ఉంటుంది. రెండు కాళ్ళూ అటు ఇటు మార్చి పెట్టి, తాడు పడిన రెండు చోట్లకూ నడుమ కొత్త గీత పెట్టుకో. డిక్కీలో దాని పక్కనే పెద్దమ్మ పంపిన చింతకాయ పచ్చడి జాడీ ఉంటుంది, జాగ్రత్తగా దించుకో.

నీ పెదనాన్న