రెండే సీట్లు: మియాటానా, ఎంఆర్‌టూనా?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హనుమకొండ. ఉద్యోగరీత్యా ఒహాయోలో ఉంటున్నాను. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొనాలని చాలాకాలంగా కోరిక. 2002 మాజ్డా మియాటా, అదే ఏడాది టొయోటా ఎంఆర్‌టూ స్పైడర్ ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతున్నాయి. మిషిగన్‌లో ఉన్నప్పుడు మీరు రెండూ నడిపారని ఇదే శీర్షికలో చదివాను. ఏది కొనమంటారు?

జవాబు: మియాటా కొనండి. ఇది చదివాక కూడా మనసు ఎంఆర్‌టూ వైపే లాగితే అదీ కొనదగ్గ కారే. కాకపోతే దాని స్వభావం తెలిసి కొనండి.

కాగితం మీద రెండూ అన్నదమ్ములే. రెండింటికీ 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. మియాటాకు 142 హార్స్‌పవర్, ఎంఆర్‌టూకు 138. బరువు చూస్తే ఎంఆర్‌టూ టన్నులోపే తూగుతుంది, మియాటా దానికంటే కాస్త ఎక్కువ. అందుకే వంద కిలోమీటర్ల వేగాన్ని ఎంఆర్‌టూ దాదాపు ఒక సెకను ముందు అందుకుంటుంది. ఆ ఒక్క సెకను కోసమే కారు కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లు సలహాలు అడగరు.

అసలు తేడా ఇంజను ఉన్న చోటులో ఉంది. మియాటాలో ముందు, ఎంఆర్‌టూలో సీట్ల వెనక. కావడి భుజాన వేసుకుని పక్కకు తిరిగి చూడండి. కుండలు చివర్లలో ఉంటే ఒళ్లు నిదానంగా తిరుగుతుంది, భుజం దగ్గరికి జరిపితే చటుక్కున తిరుగుతుంది. ఎంఆర్‌టూ ఈ రెండో రకం. స్టీరింగ్ కాస్త కదిపితే చాలు, ముక్కు మలుపులోకి దూరిపోతుంది. పొడి రోడ్డు మీద ఆ హాయి మియాటా ఇవ్వలేదు, ఆ మాట దాచను. కానీ మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేశారా, బరువు ముందుకు ఒరిగి వెనక టైర్ల పట్టు సడలుతుంది, తోక బయటికి జారుతుంది. సర్దుకోవడానికి దొరికే వ్యవధి తక్కువ, తడి రోడ్డు మీద మరీ తక్కువ. మియాటా జారదని కాదు. చెప్పి జారుతుంది. టైర్లు వదిలేసే ముందే ఆ సంగతి సీట్లో మీ నడుముకు తెలుస్తుంది. ఒహాయో చలికాలంలో కొత్తగా నేర్చుకునేవారికి ఆ ముందుమాట చాలా విలువైనది.

ఇక గేరు. మియాటా గేర్‌బాక్సు సరిగ్గా మీ మోచేతి కింద ఉంటుంది, రాడ్డు నేరుగా అందులోకే దిగుతుంది. భుజం కదలనక్కరలేదు, మణికట్టు తిప్పితే రెండో గేరు నుంచి మూడో గేరుకు టక్కున పడుతుంది. అవసరం లేకున్నా గేరు మార్చబుద్ధేస్తుంది. ఎంఆర్‌టూలో గేర్‌బాక్సు వెనక ఇంజను పక్కన ఉంది కనుక మధ్యలో కేబుళ్లు వచ్చాయి. పని చేస్తుంది, ముచ్చట మాత్రం ఉండదు.

సామాను విషయంలో పోటీయే లేదు. మియాటా డిక్కీలో రెండు మెత్తని సంచులు పడతాయి. ఎంఆర్‌టూ ముందు మూత ఎత్తితే స్పేర్ టైరు కనబడుతుంది. సీట్ల వెనక తాళం వేసుకునే చిన్న అర ఒకటి ఉంది, బట్టలు మడిచి కుక్కుకోవాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు పచ్చళ్ల డబ్బాలతో వస్తే ఎయిర్‌పోర్టుకు ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు, స్నేహితుడి వ్యాన్ అడుక్కోవాల్సిందే.

కొనేముందు చేయాల్సిన పరీక్షలు రాస్తాను. మీ దగ్గర మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మియాటాకు అదే శత్రువు. మడిచే గుడ్డ టాప్ మీద పడిన వాన సీట్ల వెనక మూలల్లోని రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆకులు అడ్డం పడితే నీళ్లు లోపలే నిలిచి, వెనక చక్రాలకు ముందుండే తలుపు కింది రేకు తుప్పు పడుతుంది. ఒక సీసా నీళ్లు తీసుకెళ్లి ఆ మూలల్లో నెమ్మదిగా పోయండి. వెనక చక్రం ముందు కింద చుక్కలు పడితే సరే. పడకపోతే ఆ రేకును వేలితో గట్టిగా నొక్కి చూడండి. అమ్మేవాడి మొహం కూడా చూడండి. ఇంజను వాల్వులను వేళ తప్పకుండా కదిలించే టైమింగ్ బెల్ట్ లక్ష కిలోమీటర్ల లోపే మార్చాలి కాబట్టి రసీదు అడగండి.

ఎంఆర్‌టూలో ఆ పని చేసేది చైను, బెల్ట్ బాధ లేదు. అయితే 2000 నుంచి 2002 వరకు వచ్చిన బండ్లలో ఇంజనుకు అంటి ఉండి పొగను శుద్ధి చేసే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్లు లోపల పొడిపొడిగా రాలి, ఆ పొడి సిలిండర్లలోకి చేరి ఇంజను దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. ముందుగా కనిపించే లక్షణం ఆయిల్ తాగడం. మీకు దొరికింది 2002 బండి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజనును మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి, నీలం పొగ వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. ముందే వేడి చేసి ఉంచితే మర్నాడు మళ్లీ వస్తానని చెప్పండి.

ప్రశ్న: మాకు మనవరాలు పుట్టింది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఇప్పుడు ఉన్న కారు అమ్మేసి రెండు సీట్ల కారు కొంటానంటున్నాడు. ఎలా నచ్చజెప్పాలి? (కరీంనగర్)

జవాబు: కోడలితో చెప్పించండి. వెనుకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదుట పెట్టకూడదు. ఇలాంటి కార్లలో వెనక సీటే లేదు. ఉన్నది ఉంచుకుని రెండో కారుగా కొంటానంటే అడ్డుపడకండి.

ప్రశ్న: అమెరికాలో నా మియాటాను తిరిగి వచ్చేటప్పుడు కాజీపేటకు తెచ్చుకోవచ్చా?

జవాబు: కుదరదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా కారు రెండో నిబంధన దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన సుంకం వేరే.

వచ్చినా సుఖం లేదు. దాని కింది భాగానికీ నేలకూ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు. మన పల్లెల ముందు వేసే స్పీడు బ్రేకర్ల మీద కడుపు గీసుకుపోతుంది. యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. అంత కిందికి కూర్చున్న మనిషికి, సాయంత్రం వేళ ఆ రాళ్లు కనిపించేసరికి ఆలస్యమవుతుంది. ములుగు దాటాక అడవిలో దారి బాగుంటుంది, టాప్ తీసి నడపడానికి దానికి మించింది లేదు. అక్కడిదాకా చేరడమే కష్టం.

మరీ మనసు ఆగకపోతే గోవాలో శాన్ మోటార్స్ తయారుచేసిన శాన్ స్టార్మ్ కోసం వెతకండి. రెండు సీట్లు, ఫైబర్ గ్లాస్ బాడీ, రెనో 1.2 లీటర్ల ఇంజను. తుప్పు పట్టని బాడీ, కుడివైపు స్టీరింగ్. వేగం ఆశించకండి. విడిభాగాలు దొరకడం కష్టం, ముందే మీ మెకానిక్‌తో మాట్లాడండి. ఆర్సీ గడువు పదిహేనేళ్లే కనుక ఆ తర్వాత దాన్ని పునరుద్ధరించారో లేదో చూశాకే బయానా ఇవ్వండి.